జవాబుకు ఎన్ని వేళ్ళు

మా నలుగురికీ ఒక పద్ధతి ఉండేది. ట్యుటోరియల్‌లో మధ్యాహ్నం క్లాసు అయిపోయాక ఖాళీ గదిలో కూర్చుని పాత కెమిస్ట్రీ పేపర్లు చేసేవాళ్ళం. ఒకరు ప్రశ్న, దాని కింద నాలుగు ఆప్షన్లూ చదవాలి. తక్కినవాళ్ళు ఆలోచించుకోవాలి. చదివినవాళ్ళు "ఊఁ" అనగానే అందరం ఒక్కసారే వేళ్ళు ఎత్తాలి. ఎ అయితే ఒకటి, బి అయితే రెండు, సి మూడు, డి నాలుగు. వేళ్ళు కలవకపోతే ఎందుకో చెప్పుకోవాలి.

ఇది స్పీడు కనిపెట్టిన పద్ధతి. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేస్తాడు కాబట్టి అతనికా పేరు. డౌటుకు ఆ పేరెందుకో చెప్పనక్కర్లేదు. నాలుగు వేళ్ళు ఎత్తి, రెండు ముడిచి, మళ్ళీ ఒకటి తెరిచేది.

"నీది చెయ్యా, విసనకర్రా?" అనేవాడు స్పీడు.

నాలుగో మనిషి అక్క. మాకంటే పన్నెండేళ్ళు పెద్దది. ఆసుపత్రి ల్యాబులో గాజు సామాను కడుగుతుంది. పొద్దుటి డ్యూటీ దిగి నేరుగా వచ్చేది. వేళ్ళ చివర చర్మం ఎప్పుడూ పొరలు పొరలుగా లేచి ఉండేది. ఆ ల్యాబులోనే టెక్నీషియన్ కావాలని ఆమె కోరిక. దానికి కోర్సు చెయ్యాలి, ఆ ప్రవేశ పరీక్ష రాయడానికి వయసు ఈ ఏడాదితో దాటిపోతుంది. కెమిస్ట్రీలో యాభైకి ముప్పై రాకపోతే మిగతా పేపర్లు దిద్దనే దిద్దరు.

అక్క వేళ్ళు దాదాపు ఎప్పుడూ సరిగ్గానే ఉండేవి. "నీకేమక్కా, సీటు జేబులో ఉన్నట్టే" అనేది డౌటు. అక్క నవ్వేది.

ఆ వేళ్ళు అరక్షణం ఆలస్యంగా లేస్తున్నాయని రెండో వారంలోనే గమనించాను. ముందు నా చేతి వైపు చూసి, ఆ తర్వాతే ఎత్తేది. నేను మాట్లాడే మనిషిని కాను. అదీ కాక, ఎదురుగా కూర్చుని ఆమె కళ్ళలో బెదురు చూస్తుంటే ప్రాణం ఒప్పేది కాదు. అందుకని నేనే నా చెయ్యి కొంచెం ముందుగా, కొంచెం ఎత్తుగా పట్టడం మొదలుపెట్టాను. నాలుగు నెలలు అలాగే గడిచింది. సాయం చేస్తున్నాననుకున్నాను.

పరీక్ష ఎనిమిది రోజులుందనగా స్పీడు, "ఈసారి ఎవరి పేపరు వాళ్ళు చేద్దాం. నోరెత్తొద్దు, వేలెత్తొద్దు. గంట టైము" అన్నాడు. దిద్దింది నేను. అక్కకు పదకొండు వచ్చాయి.

స్పీడు ఏదో జోకు వెయ్యబోయి ఆగిపోయాడు. డౌటు మాత్రం, "కీ తప్పేమో, మళ్ళీ చూడవే" అంది నాతో. మళ్ళీ చూశాను. పదకొండే. వాళ్ళిద్దరూ వెళ్ళేదాకా అక్క పెన్ను మూత పెట్టి తీస్తూ, తీసి పెడుతూ కూర్చుంది.

"నాదే తప్పక్కా" అన్నాను.

"నువ్వు చెయ్యి పైకి పట్టేదానివి. నాకు తెలీదనుకున్నావా చిట్టీ?" అంది. గొంతులో కోపం లేదు. "ఇంటికెళ్ళి నేర్చుకుందాంలే అనుకునేదాన్ని. ఇంటికెళ్తే నిద్ర వచ్చేది. మర్నాడు మళ్ళీ వేళ్ళు సరిపోయేవి. నాకూ వచ్చేసినట్టే అనిపించేది."

ఆ ఎనిమిది రోజులూ ఇద్దరమే కూర్చున్నాం. ఆమెకు అసలేమీ రాదని కాదు. నీళ్ళలో కరిగితే చల్లబరిచేది ఏది అని ఒక ప్రశ్న. కాస్టిక్ సోడా, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, అమ్మోనియం నైట్రేట్, పొడి సున్నం.

"అమ్మోనియం. మిగతా మూడూ చెయ్యి కాలుస్తాయి. ఆ ఆమ్లంలో నీళ్ళు పోశావా, మొహం మీదికే వస్తుంది. నీళ్ళలో అది పొయ్యాలి, అదీ కొంచెం కొంచెంగా" అంది గబగబా. నేను పుస్తకంలో చదివింది ఆమె చేత్తో తెలుసుకుంది. కానీ అలాంటి ప్రశ్నలు పేపరుకు రెండో మూడో వస్తాయి.

మోల్ అంటే ఏమిటో మూడు రోజులు చెప్పాను. డజను లాంటిదే, పెద్ద డజను అన్నాను.

"డజను కళ్ళకు కనపడుతుంది కదే" అంది.

ఏడో రోజు ఒక లెక్క ఆమె తనంతట తానే చేసింది. రెండు వందల యాభై మిల్లీలీటర్ల ద్రావణంలో నాలుగు గ్రాముల కాస్టిక్ సోడా ఉంటే మొలారిటీ ఎంత? నాలుగును నలభైతో భాగించింది. పావు లీటరు దగ్గర ఆగింది. కొట్టేసింది, మళ్ళీ రాసింది. సున్నా పాయింట్ నాలుగు.

"వచ్చిందా?" అంది.

"వచ్చిందక్కా."

"చూశావా మరి!" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది. అంత ఆనందంగా ఆమెను ఎప్పుడూ చూడలేదు. గోడ గడియారం నా కళ్ళెదురుగానే ఉంది. ఆ ఒక్క లెక్కకు పదకొండు నిమిషాలు పట్టింది. పరీక్షలో ప్రశ్నకు నిమిషమే ఇస్తారు. నేను తర్వాతి లెక్క తీశాను.

ఆఖరి రోజు కొత్త పేపరులో ఆమెకు ఖాయంగా తెలిసినవాటిని లెక్కపెట్టాను. ఇరవై. తెలియనివి ముప్పై. మూడు తప్పులకు ఒక మార్కు కోస్తారు. గుడ్డిగా పెడితే నాలుగింటికి ఒకటి తగలొచ్చు, తక్కిన మూడూ దాన్ని తినేస్తాయి. వదిలేస్తే ఇరవై. పెట్టినా అటూ ఇటూగా ఇరవయ్యే. కాగితం తిప్పి ఇంకోలా వేసి చూశాను. మూడోసారి కూడా ఇరవయ్యే.

మర్నాడు పరీక్ష కేంద్రం గేటు దగ్గర జనం తోసుకుంటున్నారు. ఆమె గది కింద, నాది పై అంతస్తులో. హాల్ టికెట్టును నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"చిట్టీ, తెలీనివి వదిలెయ్యనా, పెట్టెయ్యనా?"

వదిలెయ్యమంటే ఇంటికి పొమ్మన్నట్టే.

"పెట్టెయ్యక్కా" అన్నాను.

"సరే." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఏది పెట్టను?"

నా వెనక ఎవరో జరగమని తోశారు. ఆమె నా నోటి వైపే చూస్తోంది. ఎ పెట్టినా, డి పెట్టినా తగిలేది నాలుగింటికి ఒకటే.

"సి" అన్నాను.

ఆమె తలూపింది. మొహం తేటపడింది. "సి" అని తనలో తాను అనుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

నేను మెట్లెక్కి నా గదిలో కూర్చున్నాను. పేపరు ఇచ్చారు. మొదటి ప్రశ్న తేలికే. జవాబు ఎ.