ఇష్టపూర్వకంగా

మైకు పెద్ద చేసిన పని కంటే, అతని తెల్లచొక్కా తనే ఇస్త్రీ చెయ్యాల్సి రావడం ఆమెను ఎక్కువ కాల్చింది. చర్చి సంఘంలో పెద్ద అయిన తన మొగుడికి ‘మైకు పెద్ద’ అన్న పేరు ఊరికే రాలేదు. ప్రార్థనకని మైకిస్తే తిరిగి ఇవ్వడు. ఇంట్లో మాత్రం రెండే మాటలు: నీళ్లు, తువ్వాలు. ఇరవై రెండేళ్లుగా అంతే.

మూడు నెలల కిందట, పాటలు పాడే అమ్మాయితో అతని వ్యవహారం బయటపడింది. ఆ అమ్మాయిని సంఘంలోంచి వెళ్లగొట్టారు. ఇతనికి మూడు నెలలు బల్ల ఆపారు. అంటే నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర అందరికీ ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం ఇతనికి ఉండవు. ఈ ఆదివారంతో గడువు తీరింది. అతను లేచి సాక్ష్యం చెప్పాలి, భార్య లేచి క్షమించానని చెప్పాలి. ఆపైన పెద్ద మళ్లీ పెద్దే.

“శోధన ఎవరికి రాదమ్మా?” అన్నాడు పాస్టరుగారు నిన్న ఇంటికొచ్చి. “నువ్వు క్షమిస్తేనే అతనికి విమోచన. బలవంతమేం లేదు, ఇష్టపూర్వకంగానే చెప్పాలి.” అంటూ మడత పెట్టిన కాగితం చేతిలో పెట్టాడు. ఆమె చెప్పాల్సినదంతా అందులో ఉంది. ‘ఇష్టపూర్వకంగా’ అన్న మాటతో సహా, ఆయన చేతిరాతలోనే.

విమోచన సిలువ మీదే అయిపోయిందని ఇన్నేళ్లూ చెప్పింది ఈయనే. అది తన నోట్లోకి ఎప్పుడొచ్చి పడిందో ఆమెకు అర్థం కాలేదు. అత్తగారు అప్పుడే అందుకుంది: “ఇంట్లో ఆడది సరిగ్గా ఉంటే మగాడెందుకు పడతాడు? తోటలో పండు అందించిందెవరంట?” హవ్వే అందించింది, సరే. తిన్నవాడి నోరేమైనా ఆవిడే తెరిచిందా? దేవుడు ఆ చెట్టుకి కంచె కూడా వెయ్యలేదు. తినొద్దని చెప్పి, చెయ్యి వాళ్లిష్టానికే వదిలేశాడు. ఆయన వదిలినంత కూడా ఈ ఇంట్లో తనకెవరూ వదల్లేదు. ఆలోచనలోనే కాలరు మాడబోయింది. చటుక్కున పెట్టె ఎత్తేసింది.

ఆరాధనకు ముందు, గుడి వెనక గదిలో గ్లాసులు నింపింది. బొటనవేలంత గ్లాసులు. ఆ రసం పారబొయ్యకూడదు కనుక మనుషుల లెక్కకే నింపుతుంది. మొగుడితో కలిపి నలభై రెండు. పాస్టరుగారి భార్య, పాస్టరమ్మ, తువ్వాలుతో పళ్లెం తుడుస్తూ, “మనసులో పగ పెట్టుకుని గ్లాసు ముట్టకూడదు, తెలుసుగా అక్కా. క్షమించెయ్యి. నేను చెయ్యలేదా?” అంది. ఎవరినో చెప్పలేదు.

అక్కడే ఉంది అసలు శోధన. కాగితం చదివేస్తే చాలు. రసం కాచేది తనే, గ్లాసులు కడిగేది తనే అయినా, నెలకోసారి ఆ ఒక్క గుక్క మాత్రం ఇంకొకరు తెచ్చి ఆమె చేతికిస్తారు. అలా తనకు అందించే మనిషి ఇంకెక్కడా లేడు. ఆ గుక్క వదులుకోవాలంటే ఏడుపొచ్చింది.

మైకు పెద్ద మైకులోనే ఏడ్చాడు. ఆమె లేచింది. కాగితం విప్పలేదు.

“క్షమించే మనసు నాకింకా రాలేదండీ,” అంది పాస్టరుగారితో. “వచ్చిన రోజు నేనే చెబుతాను.”

కుర్చీలు కిర్రుమన్నాయి. పాస్టరుగారు గొంతు సవరించుకున్నాడు. “మన సోదరి బలహీనంగా ఉంది, ప్రార్థించండి. సోదరుణ్ణి సంఘం క్షమించింది.”

అంతే. ఆమె ఇష్టంతో వాళ్లకు పనే లేకపోయింది. మొగుడు గ్లాసెత్తి తాగాడు. పళ్లెం తన దగ్గరికొచ్చినప్పుడు ఆమె చేతులు ఒళ్లోంచి తియ్యలేదు. పక్కనున్న పాస్టరమ్మ వైపు పళ్లెం జరిగిపోయింది. తను తల ఎత్తి చూడలేదు.

అందరూ వెళ్లాక గ్లాసులు కడగడానికి కూర్చుంది. ఒకటి నిండుగా మిగులుతుందని తెలుసు.

రెండున్నాయి.

తలెత్తింది. పాస్టరమ్మ తువ్వాలు పట్టుకుని గోడవైపు చూస్తోంది.

“పదహారేళ్లు తాగానక్కా,” అంది. “నాకూ రాకుండానే.”