కారుకు పలుపు

1961 నవంబర్ 12, ఆదివారం. ఆ రోజు వాళ్లు సీతాఫలాలు తిన్నారు. సిద్దిపేట దాటాక రోడ్డు పక్కన గంప పెట్టుకొని కూర్చున్న ఒకామెను చూసి డాక్టర్ రామచంద్రం కారు ఆపాడు. వెనక సీట్లో అనసూర్య తన భర్త లక్ష్మీరాజం ఒళ్లో తల పెట్టుకొని పడుకొని ఉంది. పండ్ల వాసనకు కళ్లు తెరిచి, "నాకూ ఒకటి" అంది. నెల రోజులుగా ఏదీ కావాలని అడగని మనిషి. లక్ష్మీరాజం పండు విప్పి, గింజ తీసి, ఒక్కొక్క తొనా ఆమె నోటికి అందించాడు. సగం తిని, మిగతా సగం ఆయన్ని తినమంది. హైదరాబాదు ఆస్పత్రి నుంచి ఆమె తిరిగి రాలేదు.

లక్ష్మీరాజం కరీంనగర్ కాలేజీలో చరిత్ర చెబుతాడు. పిల్లలు లేరు. మరుసటి ఏడు రామచంద్రానికి ఇంగ్లాండులో ఉద్యోగం దొరికింది. వెళ్లిపోతూ ఆ పాత మోరిస్ కారును స్నేహితుడి ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టి, తాళంచెవి చేతికిచ్చాడు. "రెండేండ్లల్ల వస్త. అప్పుడప్పుడు మెకానిక్‌ను పిలిచి స్టార్ట్ చేపియ్యి, సాలు" అన్నాడు.

లక్ష్మీరాజానికి కారు నడపడం రాదు. నేర్చుకోవాలనీ లేదు. ఆదివారం పొద్దున గుడ్డ తీసుకొని అద్దాలు తుడిచేవాడు. తుడవడం అయ్యాక వెనక తలుపు తీసి, ఎడమవైపు, ఎప్పుడూ తను కూర్చునే చోట కాసేపు కూర్చునేవాడు. వంట చేసే యాదవ్వకు ఇది తెలుసు.

"ఎటు పోయొచ్చినవ్ సారూ?" అని అడిగేది చాయ ఇస్తూ.

"పట్నం దాక, యాదవ్వా."

"జల్దినే వచ్చినవ్. తొవ్వ మంచిగున్నట్టున్నది."

ఆమె నవ్వేది కాదు. అందుకే ఆయన జవాబు చెప్పేవాడు.

1964 వానాకాలంలో రామచంద్రం నుంచి పెద్ద కవరు వచ్చింది. అక్కడే స్థిరపడిపోతున్నానని, కారు అమ్మేయమని రాశాడు. లండన్‌లో మన హైకమిషన్ ఆఫీసుకు వెళ్లి సంతకం చేసి ముద్ర వేయించిన కాయితాలు కూడా పంపాడు. తన తరఫున కారు అమ్మడానికి, పేరు మార్పించడానికి లక్ష్మీరాజానికి అధికారం ఇచ్చినట్టు వాటిలో ఉంది. చివర, "ఎవరికిచ్చినా సరే, ఊరికే తుప్పు పట్టనీయకు" అని చేతిరాతతో ఒక ముక్క.

ఆ కవరు నెల రోజులు అలమారాలోనే ఉంది.

తర్వాత ఒక సాయంత్రం హుస్నాబాద్ నుంచి రాజయ్య అనే అతను వచ్చాడు. ముప్పై దాటిన మనిషి. బెల్లంపల్లిలో కొన్నేళ్లు బొగ్గు లారీ నడిపి, ఇప్పుడు సొంత ఊళ్లో పిండిగిర్ని పెట్టుకున్నాడట. మెకానిక్ చెబితే వచ్చాడు.

"మా అవ్వకు దమ్ము సార్. పదిహేను రోజులకోపాలి ఈడికి దవాఖానకు తేవాలె. బస్సుల మంది నడుమ కూసుంటె ఆమెకు ఊపిరాడది. లారీల తెద్దామంటె ఎక్కలేదు. గీ చిన్న కారైతె సరిపోతది."

లక్ష్మీరాజం షెడ్డు తీసి చూపించాడు. రాజయ్య ఇంజను మీద చెయ్యి పెట్టి, కాసేపు విని, తృప్తిగా తలూపాడు. ధర దగ్గర పేచీ రాలేదు. పేరు మారగానే బండి తీసుకుపోతానన్నాడు. లక్ష్మీరాజం కూడా మాట ఇచ్చాడు. ఇచ్చాక రాత్రి అన్నం సహించలేదు.

రవాణా ఆఫీసులో గుమాస్తా తెనాలి వైపు మనిషి. కాయితాలన్నీ ఓపికగా చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"మాస్టారూ, ఈ బండి మా పుస్తకాల్లో లేదండీ. డాక్టరుగారు దీన్ని నాగపూర్లో కొన్నారు. నంబరు అక్కడిదే. పదేళ్లుగా ఇక్కడ తిరుగుతున్నా ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు."

"అయితె ఏం జెయ్యాలె?"

"అదే చెబుతున్నా. ఈ బండికి నంబరిచ్చినప్పుడు నాగపూరు మధ్య పరగణాల్లో ఉందండీ. తర్వాత మధ్యప్రదేశ్ అయింది, ఆపైన బొంబాయి రాష్ట్రం, ఇప్పుడేమో మహారాష్ట్ర. ఇది కరీంనగర్ వచ్చినప్పుడు మీది హైదరాబాదు రాష్ట్రం. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్. బండి ఇన్ని రాష్ట్రాలు చూసింది, యజమాని ఏకంగా దేశమే దాటారు. కదలనిది మీరొక్కరేనండీ!"

తన మాటకు తనే నవ్వుకొని, అసలు సంగతి చెప్పాడు. నాగపూర్ నుంచి అభ్యంతరం లేదని కాయితం రావాలి. అది వస్తే ఇక్కడి కొత్త నంబరు ఇస్తారు. కొత్త నంబరు వచ్చాకే పేరు మారుతుంది.

"ఉత్తరం రాస్తాం. ఆర్నెల్లు పట్టొచ్చు, అసలు రాకనూ పోవచ్చు. అధికార పత్రం మీ పేర ఉంది కనుక మీరే ఆ పత్రంతో వెళితే ఒక్క రోజు పని."

లక్ష్మీరాజం బయటికొచ్చి ఆఫీసు ముందు వేపచెట్టు కింద నిలబడ్డాడు. మనసు తేలికైంది. ఇక తను కారు ఇవ్వనని అనక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు, రాష్ట్రాలే కారును ఆపుతాయి. అంత తేలికైనందుకు సిగ్గు కూడా వేసింది. రాజయ్యకు మాత్రం, "నాగపూర్‌కు రాసిన్రు, చూద్దాం" అని కబురు పంపాడు. స్వయంగా వెళ్లొచ్చన్న మాట అందులో లేదు.

దసరా సెలవులు దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వస్తూ బస్టాండులో రాజయ్యను చూశాడు. గోడ నీడలో ఒక ముసలామె మోకాళ్లు ముడుచుకొని కూర్చుంది. రాజయ్య పక్కన నిలబడి తువ్వాలతో విసురుతున్నాడు.

"మా అవ్వ సార్, బాలవ్వ. దవాఖానల సూది ఏపిచ్చిన."

హుస్నాబాద్ బస్సు వచ్చింది. జనం ఒక్కసారిగా లేచి తలుపు దగ్గర కిక్కిరిశారు. రాజయ్య తల్లిని లేవదీయబోయాడు. ఆమె సగం లేచి, చెయ్యి ఊపి, మళ్లీ కూర్చుంది. బస్సు వెళ్లిపోయింది.

"ఇది రెండోది సార్" అన్నాడు రాజయ్య.

బాలవ్వ ఊపిరి కూడగట్టుకొని లక్ష్మీరాజాన్ని కింద నుంచి మీదికి చూసింది. "నువ్వేనా కారు సారువు? కూసో బిడ్డా. బస్సులకేం, పోతనే ఉంటయ్. నా దమ్మే ఎన్క పడ్డది. దాని కోసం ఆగిన."

"అవ్వా, మాట్లాడకే, మల్ల ఎక్కువైతది."

"ఊకో రా. సారుతోని గూడ మాట్లాడద్దా?"

లక్ష్మీరాజం ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. మూడో బస్సు వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. కండక్టరుతో మాట్లాడి ముందు సీటు ఖాళీ చేయించి ఆమెను ఎక్కించాక, ఇంటికి వెళ్లకుండా తిన్నగా పోస్టాఫీసు పక్క దుకాణానికి వెళ్లి రైళ్ల వేళలు అడిగాడు.

సెలవులు రాగానే పెద్దపల్లిలో రైలెక్కాడు. కాయితాల సంచి తల కింద పెట్టుకొని పడుకుంటే నిద్ర పట్టింది. ఎన్నాళ్లకో అంత నిద్ర పట్టడం. నాగపూర్ ఆఫీసులో ఒక మరాఠీ పెద్దాయన పాత రిజిస్టర్లు దింపించి, దుమ్ము దులిపి, నంబరు దొరికినప్పుడు తన సొంత వస్తువు దొరికినట్టు సంతోషపడ్డాడు. కాయితం టైపు అయ్యేదాకా తన కుర్చీ ఫ్యాను కిందికి జరిపి లక్ష్మీరాజాన్ని కూర్చోమన్నాడు. లోకంలో ఇలాంటి వాళ్లు ఎక్కడ పడితే అక్కడ ఉంటారు, కాకపోతే మనం వెళ్లాలి అనుకున్నాడు లక్ష్మీరాజం.

దీపావళి దాటాక కొత్త నంబరు వచ్చింది. బండి రాజయ్య పేర మారింది. గుమాస్తా ముద్ర కొట్టి, "మొత్తానికి మీరూ కదిలారండీ" అన్నాడు.

బండి తీసుకుపోవడానికి రాజయ్య తల్లిని కూడా వెంటబెట్టుకొని వచ్చాడు. పొద్దున దవాఖాన పని చూసుకొని, మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరారు. పెయింటరు దగ్గర రాయించిన కొత్త నంబరు పలకలు రాజయ్య చేతిలో ఉన్నాయి. బాలవ్వ చేతిసంచిలో నుంచి కొత్త పలుపుతాడు బయటికి తీసింది. పసుపు రాసి ఉంది.

రాజయ్యకు తల కొట్టేసినట్టయింది. "అవ్వా, గిది ఎద్దు గాదే!"

"ఎద్దు గాకపోతె గడ్డి తినది, గంతే గద. కొన్నోడు కొత్త పలుపు తెచ్చుకోవాలె. ఉత్త చేతులతోని తోలుకపోతరా?" అని ఆమె లక్ష్మీరాజం వైపు తిరిగింది. "ఇంటామె ఏది బిడ్డా? ఇల్లు దాటే గొడ్డుకు ఇంటామె బొట్టు వెట్టి నీళ్లు తాపాలె."

యాదవ్వ వంటింటి గడపలో ఆగిపోయింది.

"లేదవ్వా" అన్నాడు లక్ష్మీరాజం. "పోయి మూడేండ్లయింది. జబ్బుతోని. గీ కారులనే పట్నం తీస్కపోతుంటిమి. ఆఖరిసారి గూడ దీంట్లనే పోయింది. ఎన్క సీట్ల, పండుకొని."

చెప్పి, ఆమె మొహంలోకి చూశాడు. ఒక రోగిష్టి ముసలామెకు ఇది చెప్పాల్సిన మాట కాదు. అపశకునం అని ఆమె వెనక్కి తగ్గితే ఎవరూ తప్పు పట్టరు. కాయితాల మీద పేరు మారినా, ఆమె వద్దంటే రాజయ్య తీసుకుపోడు. కారు షెడ్డులోనే ఉంటుంది. ఆయన అంతవరకూ ఆలోచించి చెప్పలేదు. కానీ చెప్పాక, ఆ ఆశ ఛాతీలో కొట్టుకోవడం తెలిసింది.

రాజయ్య తల దించుకున్నాడు. బాలవ్వ నెమ్మదిగా కారు దగ్గరికి వెళ్లి, ముందు రేకు మీద, గొడ్డు మెడ నిమిరినట్టు చెయ్యి వేసింది.

"అట్లనా? అయితె దీనికి పానం బాగలేనోళ్లను మోసుడు ఎర్కే. గుంతలల్ల మెల్లగ వోతది."

లక్ష్మీరాజం లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చాడు. రాజయ్య మూత తీసి చూపిస్తే రేడియేటరులో పోశాడు. చెంబులో నీళ్లు అయిపోయాక కూడా కాసేపు అలాగే వంచి పట్టుకున్నాడు.

"ఆఁ. ఇప్పుడు తాగింది" అంది బాలవ్వ. యాదవ్వను పిలిచి బొట్టు పెట్టించింది. ఆ పసుపు తాడును తనే ముందు బంపరుకు కట్టింది.

రాజయ్య పాత నంబరు పలకలు విప్పి, పాత ఇనుపసామాను వాళ్లకు వేద్దామని తన సంచిలో పెట్టుకోబోయాడు.

"అవి నీకెందుకు రా?" అంది తల్లి. "గొడ్డునమ్మినోడు పాత పలుపు ఇయ్యడు. పలుపు ఇంట్ల ఉంటె, గొడ్డు పోయినా దాని సల్లదనం ఇంట్లనే ఉంటది. సారుకియ్యి."

రాజయ్య ఆ రెండు రేకు పలకలు తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. అంచులు తుప్పు పట్టాయి. అక్షరాల మీద దారి దుమ్ము ఉంది. లక్ష్మీరాజం దాన్ని తుడవలేదు.

"ఎక్కి చూడు అవ్వా" అన్నాడు. వెనక తలుపు తనే తీశాడు. ఆమె ఎడమవైపు కూర్చోబోతే, "గటు కాదు, కుడిదిక్కు కూసో. దిండు ఏస్కొని ఒరిగితె కాళ్లు సాపుకోవచ్చు" అన్నాడు. ఆ సీట్లో ఎలా ఒరిగితే ఊపిరి తేలిగ్గా ఆడుతుందో, కిటికీ ఎంత దించితే గాలి మొహానికి కొట్టకుండా వస్తుందో ఆయనకు తెలుసు. అన్నీ చెప్పాడు. రాజయ్య పాఠం వింటున్నట్టు విన్నాడు.

బయల్దేరుదామనేసరికి పొద్దు వాలింది. అంతసేపు నిలబడినందుకు బాలవ్వకు దమ్ము మొదలైంది. "సలిగాలిల యాడికి పోతరు?" అని యాదవ్వ కోప్పడింది. "పొద్దుగాల పోదురు గాని. రొట్టెలు ఇంకో నాలుగు ఎక్కువ కొట్టుకుంట." జొన్నరొట్టె, పప్పుచారు పెట్టింది. బాలవ్వ ఒక రొట్టె తిని, బాగుందని, ఇంకో సగం తిన్నది. మూడేళ్లుగా ఎవరూ పడుకోని మంచం మీద యాదవ్వ కొత్త దుప్పటి పరిచింది. రాజయ్య తల్లి మంచం దగ్గర చాప వేసుకున్నాడు.

పడుకోబోయే ముందు షెడ్డు తలుపు వేసి రావడం లక్ష్మీరాజానికి రెండేళ్లుగా అలవాటు. లాంతరు తీసుకొని వెనక వసారాలోకి వచ్చాడు. షెడ్డు దగ్గర అప్పటికే ఎవరో ఉన్నారు. రాజయ్య. కారు అద్దాలు పైకెత్తి, నాలుగు చక్రాలూ చూసుకొని బయటికొచ్చాడు.

లక్ష్మీరాజం లాంతరు వత్తి తగ్గించి, ఉన్నచోటే ఆగాడు. లోపల నుంచి బాలవ్వ దగ్గు వినిపించింది. కాసేపటికి సద్దుమణిగింది. రాజయ్య అప్పటిదాకా ఆగి, అవ్వకు నిద్ర చెదరకుండా రేకు తలుపును రెండు చేతులతో కొంచెం పైకి ఎత్తిపట్టి, చప్పుడు లేకుండా దగ్గరికి వేశాడు.