బాలనర్సమ్మ చెలకలో సముద్రం

సాయంత్రం నాలుగున్నరకు బాలనర్సమ్మ బర్రెను చెలకలోంచి తోలుకొచ్చి కొట్టంలో కట్టేస్తుంది. తీగ మీది బట్టలు తీస్తుంది, మోటరు డబ్బాకు ప్లాస్టిక్ కవరు చుడుతుంది, కోళ్లను గంప కింద మూస్తుంది. అయిదు దాటితే సముద్రం వస్తుంది మరి. గుండ్లపోచంపల్లిలో గోదాముల వెనక ఆమెకున్న రెండెకరాలనూ పడమటి నుంచి వచ్చి ముంచి, పొద్దు గూకేదాకా ఉండి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతుంది. తెల్లారి చూస్తే ఎర్రమట్టి ఎప్పట్లాగే పొడిగా ఉంటుంది, అక్కడక్కడా నాలుగు గవ్వలు తప్ప.

రెండేళ్లుగా వస్తోంది కాబట్టి దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మేడ్చల్ నుంచి మొక్కజొన్న పొత్తుల బండ్లు వస్తాయి. జవహర్‌నగర్ వాళ్లు పిల్లాపాపలతో వచ్చి, వేరే పనేమీ పెట్టుకోకుండా గట్టు మీద కూర్చుని గాలి పీల్చుకుంటారు. నగరం చెత్తంతా పోసే గుట్ట పక్కన కాపురముండే వాళ్లకే ఆ సుఖం విలువ తెలుస్తుంది. పొద్దు నీళ్లలోకి దిగేటప్పుడు అందరూ ఫోన్లు పైకెత్తుతారు, దిగాక బట్టలకంటిన మట్టి దులుపుకుని ఇళ్లకు పోతారు.

మచ్చ బొల్లారం నుంచి షైని అనే పిల్ల స్కూటీ మీద వస్తుంది. ఇరవై నాలుగేళ్లుంటాయి. విశాఖ తీరంలో ఉద్యోగం చేసిన రోజుల్లో, బల్ల మీద నిలబడి అలల మీద జారే విద్య నేర్చుకుంది. ఇక్కడ ఏడెనిమిది మంది కొత్తవాళ్లకు దాన్ని నేర్పుతుంది. ఆదివారం చర్చిలో సాయంత్రం ప్రార్థనకు పాటలు పాడాలి కాబట్టి ఆ రోజు మాత్రం సెలవు. ఇంతమంది వచ్చిపోతున్నా, ఈ చెలక ఎవరిదని అడిగి, బాలనర్సమ్మ ఇంటికి వచ్చి దిగొచ్చా అని అనుమతి తీసుకున్నది ఆ పిల్ల ఒక్కతే.

అందుకే షైని ఒకరోజు బల్ల తెచ్చి ముందర పెట్టి, నీ భూమిలో అందరూ ఆడుతుంటే నువ్వే గట్టున కూర్చుంటే ఎట్లా ఆంటీ అన్నప్పుడు, యాభై ఆరేళ్ల బాలనర్సమ్మ కాదనలేకపోయింది. చీర కాసె పోసి, నాట్లకు దిగినట్టే నీళ్లలోకి దిగింది.

దిగింది, పడింది. మర్నాడూ పడింది. మోకాళ్ల మీదికి రావడం, మూతి బోర్లా పడడం, ఉప్పునీళ్లు ఉమ్మడం, ఇదే పని. కాళ్లకేసి చూడొద్దు, ఎదురుగా చూడమని షైని గొంతు పోయేలా అరిచేది. ఏళ్ల తరబడి నాట్లేసి, కలుపు తీసిన మనిషిని కిందికి చూడొద్దంటే కుదురుతుందా? నెల గడిచినా ఆమె నిలబడింది లేదు. అయినా రోజూ నాలుగున్నరకే బర్రెను కట్టేసి తయారయ్యేది.

ఈ సంగతి ఆమె మరిది నర్సింహ చెవిన పడింది. నర్సింహ తన వాటా చెలకను ఎప్పుడో ప్లాట్లు చేసే కంపెనీకి ఇచ్చేసి, ఇప్పుడు అదే కంపెనీలో భాగస్వామిగా తెల్లబట్టలేసుకుని తిరుగుతున్నాడు. ప్లాట్లయితే వేశారు గానీ వాటికి దారి లేదు. దారంటూ వస్తే పడమటి హైవే నుంచి, వదిన చెలకను నడిమికి చీల్చుకునే రావాలి. అన్న పోయినప్పటి నుంచీ వదిన సంతకం అడుగుతూనే ఉన్నాడు, ఆమె పెట్టనంటూనే ఉంది. ఒకనాటి సాయంత్రం కారు దిగి గట్టు దాకా వచ్చాడు.

"వదినె, నలుగురు నవ్వుతుండ్రు. గీ వయసుల తడిబట్టలతోని గా ఎగురుడేంది? మన ఇంటి ఇజ్జత్ ఏం గావాలె?"

"నవ్వెటోళ్లు గట్టు మీదున్నరు. నేను నీళ్లల్లున్న. నాకు ఇనబడది" అంది బాలనర్సమ్మ, ముక్కులోంచి నీళ్లు చీదుతూ.

నర్సింహ ఇంటికెళ్లి హద్దు తగాదా ఉందని అర్జీ పెట్టాడు. ఆ ఊళ్లో ఒక పాత రివాజు ఉంది. హద్దు తగాదా వస్తే, భూమి గల మనిషి ఊరి పెద్దలైన పంచుల ముందర తన చెలకలో సొంత కాళ్ల మీద నిలబడి, చేయి చాచి నాలుగు దిక్కులా హద్దులు చెప్పాలి. గట్టు మీద నిలబడి చెబితే చెల్లదు. చెప్పింది చెప్పినట్టు కాగితానికి ఎక్కుతుంది, మళ్లీ తగాదా పెట్టి చెప్పిస్తే తప్ప దానికి తిరుగులేదు. ఆ మనిషి నిలబడలేకపోతే, బదులుగా దగ్గరి చుట్టం చెప్తాడు. పిల్లల్లేని బాలనర్సమ్మకు దగ్గరి చుట్టం నర్సింహే.

పంచాంగం చూడనిదే గోళ్లు కూడా తీసుకోని మనిషి నర్సింహ. వారం తిరిగితే మూఢం, ఆపైన మూడు నెలలు మంచిపని ముట్టుకోకూడదు. అయ్యగారు వెతికి వెతికి మిగిలిన ఒకే ముహూర్తం చెప్పాడు, మూఢానికి ముందురోజు సాయంత్రం అయిదూ నలభై నుంచి ఆరు దాకా. ఆ వేళకు అక్కడ సముద్రం మనిషి లోతు ఉంటుందని నర్సింహకు తెలుసు. తెలిసే సంబరపడ్డాడు. నిలబడడానికి నేలే లేనప్పుడు వదిన ఎక్కడ నిలబడుతుంది, దారికి చోటు విడిచి తాను చెప్పిన హద్దులే రాసుకుంటారు.

చెప్పిన వేళకు అయిదుగురు పంచులు వచ్చారు. సర్వేయరు శేషారత్నం ఫైలును ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వచ్చింది. నర్సింహ కొత్త బూట్లతో వచ్చాడు. చూడవచ్చినవాళ్లతో గట్టు నిండిపోయింది. బాలనర్సమ్మ బల్ల చంకన పెట్టుకుని అందరి ముందు నుంచీ నడిచి నీళ్లలోకి దిగింది. ఈ రెండెకరాలు పోతే రేపటి నుంచి మరిది వాకిట్లో కంచం పట్టుకుని కూర్చోవాలి.

మొదటి అలకు పడింది. గట్టు మీద కొందరు నవ్వారు. రెండో అలకు బల్ల ఎదురు తన్ని భుజానికి తగిలింది. ఇక రాసుకోండమ్మా, హద్దులు నేను చెప్తానని నర్సింహ ముందుకు వచ్చాడు. శేషారత్నం గడియారం చూసింది. ఆరుకు ఇంకా ఏడు నిమిషాలున్నాయి, ఆగండి అంది.

షైని బల్ల వెనక తేలుతూ మూడో అల కోసం చూస్తోంది. చిన్నప్పుడు బాపు మడి చదును చేసేటప్పుడు ఎడ్లకు కట్టిన బల్ల మీద బరువు కోసం తనను నిలబెట్టిన సంగతి బాలనర్సమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. బురదలో ఆ బల్ల జర్రున జారుతుంటే ఏడేళ్ల పిల్ల ఏ రోజూ పడలేదు. కిందికి చూసేదే కాదు, ఎడ్ల కొమ్ముల మధ్య నుంచి ఎదురుగా చూసేది. షైని తోసింది. బాలనర్సమ్మ లేచింది, మోకాళ్లు వంచింది, ఎదురుగా చూసింది. నిలబడింది.

అల ఆమెను చెలక ఈ చివర నుంచి ఆ చివరికి తీసుకుపోతోంది. ఆమె చేతులు చాచింది.

"తూర్పు, నర్సింహ అమ్ముకున్న చెలక. ఉత్తరం, గోదాము గోడ. దక్షిణం, కాల్వ." పడమటికి చేయి తిప్పింది. హైవే ఉండాల్సిన చోట ఆ వేళకు పొద్దు దాకా నీళ్లే. "పడమర, సముద్రం."

అప్పుడు పడింది. పడితే ఏం, చెప్పడం అయిపోయింది.

నర్సింహ గొంతు లేచింది. గంటలో పొయ్యేదాన్ని హద్దని ఎట్లా రాస్తారని పంచులను నిలదీశాడు. ఆ మనిషి నిలబడింది, చెప్పింది, మేం విన్నామని పంచులు అన్నారు. శేషారత్నం రాయడం ఆపలేదు.

"హద్దు జూపిన ఏళకు ఏది కనవడితే గదే రాస్త. ముహూర్తం వెట్టింది మీరేగద సార్" అంది.

పడమటి హద్దు సముద్రమని కాగితం మీద పడ్డాక, అటు నుంచి దారి తేవడానికి ఏ ఆఫీసూ ఒప్పుకోదు. తిరగరాయించాలంటే మూఢం వెళ్లేదాకా ఆగాలి, నర్సింహ ఆగినా కంపెనీ ఆగదు. పంచులు ఒకరి తర్వాత ఒకరు సంతకాలు పెట్టారు. బాలనర్సమ్మ తడి చేత్తో తన పేరు పూర్తిగా రాసింది, అక్షరాలు కొంచెం అలుక్కుపోయాయి.

పొద్దు ఇంకా మునగలేదు. ఆమె బల్ల తీసుకుని మళ్లీ నీళ్లలోకి నడిచింది. వెనక నుంచి నర్సింహ, బయటికి రా వదినె, ఇంట్ల కూసోని మాట్లాడుకుందం అని పిలిచాడు. బాలనర్సమ్మ బల్ల మీద చేతులాన్చి తేలుతూ వెనక్కి తిరిగింది.

"నాతోని మాట్లాడాల్నంటే నువ్వే నీళ్లల్లకు రా నర్సింహా. నేను నా చెలకలున్న."

ఆయన బూట్లకేసి చూసుకుని గట్టు మీదే నిలబడ్డాడు.