గట్టు మీదికి కనిపించే పేరు

నేను ఒక జింకు రేకుని. పగబట్టిన రేకుని. ఇనుముకి పగేమిటని నవ్వేవాళ్లు ముందు నా కథ వినండి.

ఫ్యాక్టరీలో నన్ను కాగే జింకులో ముంచి, ఒళ్లంతా మిట్టా పల్లంగా నొక్కి బజారుకి తోలారు. అక్కడ వేలితో తట్టి చూసి నన్ను ఎంచుకున్నది పల్లాలమ్మ. భర్త పోయాక కాలవ గట్టు కింది తోటలో బంతినారు పెంచి అమ్ముకుంటోంది. విత్తనాలు దాచే పాక ఒక్క రేకు పట్టేంతది. దానికి నేనే కప్పు.

నీళ్లు పారేది పల్లంలో గనక ఆమె మేకులన్నీ మిట్టల మీదే దిగ్గొట్టింది. తర్వాత నా వీపు మీద ఎర్రరంగుతో ‘పల్లాలమ్మ నారు’ అని రాసింది. మా దగ్గర రోడ్డు గట్టు మీద, తోటలు దాని కింద. కప్పుని మించిన బోర్డు లేదు. ఆ పేరు మొయ్యడం నాకెంత గర్వంగా ఉండేదో!

ఆమె కూతురి పురిటికెళ్లినప్పుడు పక్క తోట మరిది అబ్బులు నిచ్చెన వేసుకొచ్చాడు. “మా అన్న సొమ్ముతో కొన్న రేకేగా” అని తనకి తనే సర్దిచెప్పుకుంటూ నన్ను పీకేశాడు. దొంగతనానికి ముందు న్యాయం మాట్లాడుకోవడం మనుషులకే చెల్లింది. మర్నాడే వాన. ఆమె తిరిగొచ్చేసరికి విత్తనమంతా కుళ్లింది. ఆ ఏడు నారు లేదు. పాకలో కూలబడి ఆమె ఏడుస్తుంటే పక్క తోటలోంచి చూశాను. వీణ్ణి వదలకూడదనుకున్నాను.

అడిగితే “ఇది బజారు రేకు వదినా” అని దబాయించాడు. రంగు డబ్బా కొనడానికి చెయ్యి రాక, పేరు కనపడకుండా నన్ను తిరగేసి, పాత బొక్కల్లోంచే తీగ దూర్చి తన పాకకి బిగించాడు మరి! దాంతో మిట్టలు పల్లాలయ్యాయి. పాత మేకుల బొక్కలన్నీ నీళ్ల దారిలో పడ్డాయి. మొదటి వానకే యూరియా బస్తాలు కరిగి మడుగైపోయాయి. వాడు తారు పూశాడు. నేను ఎండకి ఒళ్లు సాగదీసి పెచ్చులుగా రాల్చేశాను. మళ్లీ పూశాడు, మళ్లీ రాల్చాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

చివరికి వాడే నన్ను మోసుకొచ్చి కంచె దగ్గర పడేశాడు.

“నీ ఏడుపే తగిలింది వదినా. నీ రేకు నువ్వే తీస్కో.”

“ఏడుపూ లేదు, గీడుపూ లేదు,” అంది పల్లాలమ్మ నా వీపు తడుముతూ. “పేరు పైకెట్టి, ఆ బొక్కల్లోనే మేకులు కొట్టు. సుక్క కారదు.”

“పేరు పైకెడితే గట్టు మీద పోయేవోళ్లంతా సదవరా?”

“సదవనీ. నేనెలాగూ కొత్త రేకు కొనుక్కున్నాను. ఇది నాకొద్దు.”

ఆకాశం మూసుకొస్తోంది. పాకలో కొత్త యూరియా బస్తాలున్నాయి. అబ్బులు గట్టు వైపు చూశాడు, మబ్బు వైపు చూశాడు, తల దించుకుని సుత్తి తెచ్చుకున్నాడు.

ఇప్పుడు వాడి పాకలో చుక్క నీరు పడనివ్వను. నా పనిలో లోపం ఉండదు. గట్టు మీద సైకిళ్లు ఆగుతుంటాయి, జనం చదివి నవ్వుకుంటుంటారు, వాడు పాకలోంచి బయటికి రాడు.