ఎడమ కాలి మోజ

రాహేలమ్మకు కొడుకు కాలివేళ్ల మీద బెంగ పట్టుకుంది.

ఏసుదాసు మిలిటరీలో చేరాడు. చైనా లడాయి ముగిసింది కాబట్టి ఇక భయం లేదని అందరూ అంటుంటే, సెలవు మీద ఇంటికొచ్చిన వాడికి, సెలవు కాగానే మంచుకొండల వైపు వెళ్లాలని హుకుం వచ్చింది. మంచులో బూటు లోపల వేసుకునే మోజ, అదే మేజోడు, వదులైతే ముడతపడి పుండవుతుందని, బిగుతైతే నెత్తురు ఆగి వేళ్లు నల్లబడతాయని నర్సు సుమిత్రమ్మ ఒకసారి మాటవరసకు అన్నది. ఆమె చెప్పింది అంతే. మిగతా కథ రాహేలమ్మే పూర్తి చేసుకుంది. వేళ్లు రాలిన కొడుకు, చంకలో కర్రతో కొడుకు, పిల్లనిచ్చేవాళ్లు గడప దాకా వచ్చి తిరిగిపోయే కొడుకు.

మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివినప్పుడు నేర్చుకున్న లెక్కలు మరిచిపోయింది గానీ, ఊలు అల్లడం మరిచిపోలేదు. వికారాబాదు బజారులో ఆకుపచ్చ ఊలు కొనుక్కొచ్చింది. చిక్కల్లా కొలత దగ్గరే వచ్చింది.

"దారం వెట్టి కాలు కొలువరాదే?" అన్నది పక్కింటి భీమమ్మ.

"బతికున్నోన్ని కాళ్లకాడికెళ్లి కొలుస్తరా? మనోళ్లు సస్తే పెట్టె జేసే వడ్ల యాదగిరి యాడికెళ్లి కొలుస్తడు? కాళ్లకాడికెళ్లే గదా!"

"మరి దర్జీ అంగీకి కొలుస్తలేడా?"

"దర్జీ మెడకాడ మొదలువెడ్తడు. గాయిన సంగతి వేరు."

"పోనీ పాత చెప్పు కొలువు."

"చెప్పంత మోజ అల్లితె వదులైతది. పుండైతది. అటెన్క..."

"సాలు తల్లీ, ఇగ ఆపు," అని భీమమ్మ చెవులు మూసుకుంది.

రాహేలమ్మ ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. వాకిలి పేడతో అలికితే కొడుకు నడుస్తాడు. అడుగు పడుతుంది. ఆ అడుగును చీపురుపుల్లతో కొలిస్తే సరి. అప్పుడు కొలిచేది మన్నునే గానీ మనిషిని కాదు.

తీరా అలికితే, ఏసుదాసు ఒక్క ఎగురుతో అవతల పడ్డాడు. "తడి అలుకుడు తొక్కకు, జారి పడితె తల పలుగుతది" అని వాడికి మాటలు రాని రోజుల నుంచీ అరిచి అరిచి నేర్పింది ఆమే. మిలిటరీవాళ్లు ఆ ఎగరడానికి మరింత పదును పెట్టి పంపారు.

మరునాడు పొద్దున్నే గోడ నుంచి గోడ దాకా, గడప నుంచి వీధి దాకా అలికింది. మధ్యలో కాలు మోపకుండా ఎంతటి సిపాయీ దాటలేడు. లోపలికెళ్లి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటూ కూర్చుంది. కాళ్ల చప్పుడు వినిపించి, ఆగింది. ఒక్క ఉరుకున బయటికి వచ్చింది.

తడి మట్టిలో ఒక కుడి అడుగు, దానికి కాస్త ముందు ఒక ఎడమ అడుగు. అచ్చు గుద్దినట్టున్నాయి. దేవునికి స్తోత్రం చెప్పుకుని కుడి అడుగు మీద పుల్ల పెట్టి, కొలతకు తుంచింది. అదే పుల్లను ఎడమ అడుగు మీద పెట్టింది. చాలలేదు. అడుగు పొడుగే కాదు, చేటలా వెడల్పు కూడా.

రాహేలమ్మ పుల్ల తిప్పి మళ్లీ పెట్టి చూసింది. అంతే. బోదకాలు! పిల్లగానికి బోదకాలు మొదలైంది!

నోటితో అంటే నిజమవుతుందని ఎవరికీ చెప్పలేదు. ఏసుదాసు అన్నానికి కూర్చుంటే కూరకు బదులు వాడి ఎడమ కాలినే చూసేది. చూసినకొద్దీ ఉబ్బినట్టే కనిపించేది.

"కాలు గుంజుతుందా కొడుకా?"

"లేదమ్మా."

"ఎడమ కాలు?"

"ఎడమ కాలు గూడ లేదు."

"ఎడమ చెప్పు జర బిగుతైతుందా?"

"అమ్మా, గా కాలు నీకేం జేసిందే?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయేది. భీమమ్మ ఊరుకోక, విషయం లాగి తెలుసుకుని, డాక్టరుకు చూపించమన్నది.

"సూపిస్తె గాయిన పేరు వెట్టి చెప్తడు. పేరు వెట్టినంక రోగం పోతదా?" అన్నది రాహేలమ్మ. అని, ఆ పుల్ల కొలతలతోనే ఒక మోజ చిన్నది, ఒకటి పెద్దది అల్లింది. రోగం ఉంటే ఉండనీ, ఒరుసుకుని పుండు కాకుంటే చాలు.

ప్రయాణం రోజున ముగ్గురూ వికారాబాదు స్టేషనుకు వచ్చారు. తండ్రి మత్తయ్య తాండూరులో నాపరాతి గనుల్లో పని చేస్తాడు; కొడుకు వచ్చాడని ఇన్నాళ్లూ ఇంటి దగ్గరే ఉన్నాడు. కొడుకు ఎక్కే ప్యాసింజరులోనే తానూ పనికి పోతాడు.

బెంచీ మీద కూర్చోబెట్టి మోజలు ఇచ్చింది. కుడిది చర్మంలా అతుక్కుంది. ఎడమది సంచిలా వేలాడింది.

"గిదేందమ్మా? గిండ్ల కాలు వెట్టాల్నా, నేనే దిగాల్నా?"

రాహేలమ్మ బోరున ఏడ్చింది. "నీకు బోదకాలు కొడుకా! అడుగుల్ల కనవడ్డది. నేనే దాసిపెట్టిన."

ఏసుదాసు రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకే అచ్చు. తల్లి ఒక కన్ను తుడుచుకుని చూసింది, రెండోది తుడుచుకుని చూసింది. మత్తయ్య సన్నగా దగ్గాడు.

"గా దినం వాడు కుడికాలు మోపి దుంకిండు. ఎనకాల్నే నేను ఎడమ కాలు మోపి దుంకిన."

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న నా అలుకుడు తొక్కినవా? గా దినమే తొక్కాల్నా?"

"నువ్వు జాగ యాడ ఉంచినవే? గోడలకు గూడ పూస్తవేమో అనుకున్న!" అంటూనే ఆ పెద్ద మోజను తన కాలికి తొడిగి చూసుకున్నాడు. బండలు మోసి మోసి పరుచుకుపోయిన ఆ కాలికి ముడత లేకుండా పట్టింది. "మస్తు మెత్తగుందే. ఉండనియ్."

"తియ్యి! గాడ నా కొడుకు వేళ్లు రాలుతుంటె నీకు మెత్తదనం గావాల్నా?"

బండి వచ్చింది. రాహేలమ్మ తనకూ తాండూరు దాకా టికెట్ తీయించి ఎక్కింది. కూర్చోగానే పెద్ద మోజను మడమ దాకా విప్పేసి, దారాన్ని ఉండ చుట్టింది. సూదులు సంచిలోనే ఉన్నాయి. పుల్ల మాత్రం లేదు.

ఏసుదాసు కాలు తెచ్చి తల్లి ఒడిలో పెట్టాడు. ఆమె చేతులు ఆగిపోయాయి. కాసేపటికి, యాదగిరి ఎవరి కాలూ ఒడిలో పెట్టుకుని కొలవడు కదా అనిపించింది. ఇది ఆ కొలత కాదు. ఆ పాదాన్ని అరచేత్తో పట్టుకుంది. వెచ్చగా ఉంది. చిన్నప్పుడు గుప్పెట్లో పట్టేది. సూదులు అందుకుని కాలి మీదనే అల్లడం మొదలుపెట్టింది.

"సక్కిలిగిలైతుందే!"

"కదలకు, కుట్టు జారుతది!"

ధారూరు దాటేసరికి మోజ సగం పాదం దాకా వచ్చింది. రుక్మాపూర్‌లో గూడ్సు కోసం బండిని ఆపేస్తే పెట్టెలో అందరూ తిట్టుకున్నారు, రాహేలమ్మ ఒక్కతే స్తోత్రం చెప్పుకుంది. తాండూరులో బండి ఆగేసరికి చివరి కుట్లలోంచి దారం లాగి, వేళ్ల కొస బిగించి, ముడి వేసింది. ఇక తెంపడమే మిగిలింది. ఇంతలో కూత పడింది. మత్తయ్య ఆమె రెక్క పట్టుకుని కిందికి దింపాడు. ఊలు ఉండ ఆమె చేతిలోనే ఉంది.

బండి కదిలింది. ఉండ తిరగసాగింది.

"తెంపవే!" అన్నాడు మత్తయ్య.

"పొయ్యేటోని దారం తెంపుతరా? నోట్లె మన్ను వడ!"

ఉండ చేతిలో ఎలుకపిల్లలా గెంతింది, చిక్కింది, అయిపోయింది. ఆకుపచ్చ దారం కొస బండి వెంట ఎగురుతూ పోయింది. కిటికీలోంచి ఒక ఎడమ కాలు బయటికి వచ్చి ఊగింది. ఎక్కడా ముడత లేదు.

"కాలు లోపటికి తీస్కో కొడుకా! సిగ్నల్ కంబం తగుల్తది!" అని బండి కనిపించినంత దూరం అరిచింది.

తర్వాత నిమ్మళంగా ముక్కు తుడుచుకుని నాలుగడుగులు వేసి ఆగింది. మత్తయ్య పాదాల వైపు తేరిపార చూసింది. అది తన కొడుకు కాలు కాదు, నిజమే. మరి అంత వెడల్పు కాలు ఒకటి ఉన్న మాట కూడా నిజమే కదా.

"ఏసు నాయినా."

"ఏందే?"

"నీ ఎడమ కాలు గుంజుతుందా?"