నాగేంద్రమ్మ గ్లాసు

గద్వాల చీర ఒక్కరి చేతి పని కాదు. నడిమికి నూలు, అంచుకు పట్టు. రెంటినీ పోగు పోగుకూ మెలేసి కలపాలంటే మగ్గం గుంటలో ఇద్దరు పక్కపక్కన కూర్చోవాల్సిందే. ఇరవై ఆరేళ్లు బాలస్వామి పక్కన కూర్చున్నది అతని భార్య నాగేంద్రమ్మే. అలాంటి మనిషిని ఒక్క మాటతో గుంటలోంచి లేపేశాడు, మహానుభావుడు.

మొదట ఆమె నడుము మీద ఎర్ర మచ్చలు, పొలుసులు, పగలూ రాత్రీ గోకుడు. తామరన్నారు, నూలు రంగు పడలేదన్నారు, ఎవరి నోటికొచ్చింది వాళ్లన్నారు. మందుల షాపువాడిచ్చిన మలాములన్నీ పూసింది. మచ్చలు చేతుల మీదికి వచ్చేసరికి బాలస్వామికి భయం పట్టుకుంది. చీరకు అంటుతుందేమో! తెలిస్తే ఎవరు కొంటారు?

"జర కొన్ని దినాలు చీర ముట్టకే" అన్నాడు. నాలుగు రోజులకు "నీ గ్లాసు వేరే పెట్టుకో" అన్నాడు. చాప వేరైంది. మగ్గం మీదికి కూలి మనిషి వచ్చాడు. నాగేంద్రమ్మ అంచున సొట్టపడిన స్టీలు గ్లాసొకటి వంటింటి కిటికీలో పెట్టుకుని, మూడేళ్లు అందులోనే తాగింది. బాలస్వామి చెడ్డవాడా అంటే కాదు, వట్టి భయస్థుడు. ఆ తేడా నాగేంద్రమ్మకేం పనికొచ్చింది?

వనపర్తిలో నర్సుగా చేస్తున్న కూతురు మానస ఓసారి వచ్చి తల్లి వీపు చూసింది.

"మూడేండ్ల సంది గిట్లనే ఉంచినవా నాయినా?" అని కసిరి, ఇద్దరినీ వెంటబెట్టుకుని పట్నం దవాఖానకు పోయింది. చర్మం ముక్క తీసి పరీక్ష చేశారు. డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది తామర కాదు. చర్మంలో వచ్చే లింఫోమా, ఒక రకం క్యాన్సరే. చాలా అరుదు, నెమ్మదిగా పెరుగుతుంది. ఒళ్లంతా తక్కువ మోతాదులో కరెంటు, అంటే రేడియేషన్, పెడతాం, మూడు వారాల్లో పన్నెండు సార్లు. దురద తగ్గుతుంది, మచ్చలు చాలావరకు పోతాయి. మళ్లీ రావచ్చు. వస్తే మళ్లీ పెట్టొచ్చు, తక్కువ మోతాదు అందుకే."

బాలస్వామి ముందుకు వంగి అడిగాడు.

"ఇది అంటుకుంటదా మేడమ్?"

"లేదు. ఎప్పుడూ అంటుకునేది కాదు."

నాగేంద్రమ్మ అతని వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది. కొంగు సర్దుకుని "కరెంటు ఎప్పటి సంది పెడ్తరమ్మా?" అని అడిగింది.

ఆ మూడు వారాలూ ఆమె చేతులు పైకెత్తి యంత్రం ముందు నిలబడితే, బాలస్వామి బయట బెంచీ మీద కూర్చుని తనను తాను తిట్టుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఇంటికొచ్చిన రెండు నెలలకు ఒళ్లు తేటపడింది. ఒక పొద్దున బాలస్వామి కూలి మనిషిని వేరే మగ్గానికి పంపి, గుంట ఊడ్చి, భార్య ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తప్పయింది నాగేంద్రా. వచ్చి కూసో."

"మచ్చలు పోయినయని పిలుస్తున్నవా?"

"కాదే. ఉన్నా పిలుస్త. ఇగ ఎన్నడు లేవమని అనను."

"సరే తియ్యి" అని వచ్చి కూర్చుంది. కిటికీలోని గ్లాసును అతనే తీసి మిగతా గ్లాసుల్లో కలిపేశాడు. ఏడు నెలలు ఇద్దరూ కలిసి నేశారు. చేసిన తప్పు తీరిపోయిందనే అనుకున్నాడు పాపం.

ఒక మధ్యాహ్నం, అంచు సగం పడ్డాక, నాగేంద్రమ్మ పోగు దూర్చే నాడె ఆపి మోచేతి మడతలో చూసుకుంది. అర్ధరూపాయంత ఎర్ర మచ్చ. ఆమె ఏడవలేదు. నాడె పక్కన పెట్టి, పట్టుకు చెయ్యి తగలకుండా ఒదిగి ఒదిగి గుంటలోంచి లేచింది.

"ఏడికే? మళ్ల కరెంటు పెట్టిద్దాం. డాక్టరమ్మ చెప్పలె, అంటుకోదని?"

"నాకు తెల్వదా అంటుకోదని?" అంది. "అంత తెలుసయ్యా. కాని కాళ్లే లేస్తున్నయి."

వంటింట్లోకి పోయి, గ్లాసుల్లోంచి సొట్ట గ్లాసు ఏరి తీసింది. నీళ్లు సగం తాగి కిటికీలో పెట్టింది. వెనకే వచ్చిన బాలస్వామి ఆ గ్లాసందుకుని మిగిలిన నీళ్లు తాగేశాడు. తాగాక తువ్వాలుతో మూతి గట్టిగా తుడుచుకున్నాడు.

నాగేంద్రమ్మ ఆ గ్లాసు అతని చేతిలోంచి తీసుకుని, రెండుసార్లు తోమి, మళ్లీ కిటికీలోనే పెట్టింది.