మందుపెట్టెతో వెళ్ళిన కాగితం

మా రేవు తనిఖీ అధికారిణికి లారీ డ్రైవర్లు పెట్టిన పేరు అడ్డుగోడ. తన పొరుగుదేశం మీదికి సైన్యాన్ని పంపిన ఒక దేశంపై మా ప్రభుత్వం ఆంక్షలు పెట్టినప్పటి నుంచి, అక్కడికి వెళ్ళే ప్రతి పెట్టెనూ ఆమె దగ్గరుండి విప్పించేది. ఆ యుద్ధం న్యాయమేనని వాదించేవాళ్ళు మా గోదాములోనే ఉన్నారు. ఆమె ఎవరితోనూ వాదం పెట్టుకోలేదు. ఆసుపత్రి పంపుల పేరుతో పోతున్న క్షిపణి చిప్పులను పోయిన నెల పట్టుకున్నది మాత్రం ఆమే.

నేను ఆ గోదాములో గుమాస్తాను. ఆ ఉదయం ఇన్సులిన్ పెట్టె ఒకటి వచ్చింది, ఆ దేశంలోనే ఒక పిల్లల ఆసుపత్రికి. ఓడ మూడింటికి కదులుతుంది. అది తప్పితే మళ్ళీ ఇరవై రోజులకే. మందుకు మినహాయింపు ఉంది. కానీ పెట్టె లోపలి చల్లదనాన్ని నమోదు చేసే యంత్రంలోని చిప్పు నిషేధ జాబితాలో ఉంది.

"అయిపోయింది. గోడ అడ్డం పడింది," అన్నాడు డ్రైవర్ నాతో, ఆమెకు వినబడేలాగే.

"గోడకి తలుపు కూడా ఉంటుందిలే. స్క్రూడ్రైవర్ తెచ్చావా, మాటలే తెచ్చావా?" అందామె.

యంత్రాన్ని ఊడదీసి బల్ల మీద పెట్టింది. "ఆగేది ఇదొక్కటే."

"వేలెడంత లేదు మేడం!" అన్నాడు డ్రైవర్. "అది లేకపోతే ఆసుపత్రివాళ్ళు మందు ముట్టుకోరు. దారంతా చల్లగా ఉందని రుజువు అడుగుతారు."

"పంపుల్లో దొరికినవీ వేలెడంతే."

ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఆ దేశపు బాంబులు పడిన ఊళ్ళోనే ఆమె చెల్లెలు కాపురముంటోందని నాకు తెలుసు. అవతలి నర్సుతో మాట్లాడుతున్నంతసేపూ ఆ గొంతు కాస్తయినా కరకుగా లేదు. మామూలు గాజు థర్మామీటరుతో ఆరు గంటలకోసారి చూసి, రాసి, సంతకం పెడితే చాలన్నారట. ఆమె తెల్లకాగితం మీద స్కేలుతో గళ్ళు గీసింది.

ఈలోగా డ్రైవర్ ఐసు తెచ్చి సీసాల మధ్య కుక్కడం మొదలుపెట్టాడు.

"ఆగు బాబూ!" అన్నాను. "ఐసు తగిలితే గడ్డకడుతుంది. గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు. మా ఆవిడ మందు ఒకసారి నేనే అలా పాడుచేశాను."

"తిట్టిందా పెద్దాయనా?"

"లేదు. ఫ్రిజ్ మీద 'కింది అర' అని రాసి అంటించింది."

ఆ చీటీ ఇంకా అక్కడే ఉంది. మా ఆవిడ పోయి నాలుగేళ్ళు.

"అయితే సర్దేది మీరే బాబాయ్," అంది అధికారిణి.

సీసాలను తువ్వాళ్ళలో చుట్టి, ఐసును దూరంగా అంచుల్లో పేర్చాను. రెండున్నరకు థర్మామీటరు అయిదు డిగ్రీలు చూపింది. మొదటి గడిలో ఆమె సంతకం చేసి కాగితాన్ని ఓడలో కెప్టెన్ కింది అధికారి, మేటు చేతికిచ్చి, ఐసు కరిగినప్పుడల్లా మార్చమంది.

ఇరవై రోజుల తర్వాత ఆ కాగితం తిరిగొచ్చింది. కొన్ని గళ్ళు మేటు రాసినవి, కొన్ని వంటవాడివి కాబోలు, నూనె మరకలున్నాయి. ఒక్క గడీ ఖాళీ లేదు. రెండు డిగ్రీలకు తగ్గలేదు, ఎనిమిది దాటలేదు; మందు పాడవని హద్దు అదే. అడుగున మాకు రాని లిపిలో ఒక వాక్యం, ఆసుపత్రి ముద్ర.

ఆమె ఆ వాక్యం మీద ఒకసారి వేలు ఆనించి, కాగితాన్ని ఫైలులో పెట్టింది.

"బాబాయ్, కుట్టుమిషన్లని రాసిన ఆ పెట్టె చూడండి. మిషన్లకి మరీ బరువుగా లేదూ? విప్పించండి."